సాలూరి వారి పాటను పాఠంగా పెట్టండి: సంగీత కళాశాలల పాఠ్యప్రణాళికా సంఘాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని ప్రభుత్వ సంగీత కళాశాలలకు, విశ్వవిద్యాలయాల సంగీత శాఖలకు పాఠ్యప్రణాళిక నిర్ణయించే పెద్దలకు నమస్కారాలు.

నేను ముప్పై నాలుగేళ్లుగా ఇంటి దగ్గర పిల్లలకు వయొలిన్, గాత్రం చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ని. మీరు నిర్వహించే సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలకు ఏటా కొందరిని తయారుచేసి పంపుతుంటాను. మీ సిలబస్ నాకు కంఠతా వచ్చు. దాని మీద నాకు గౌరవం ఉంది; సరళీ స్వరాల నుంచి పంచరత్నాల దాకా పిల్లవాణ్ని చెయ్యి పట్టుకుని నడిపించే ఆ క్రమాన్ని తరతరాల గురువులు ఆలోచించి ఏర్పరిచారు. దాన్ని మార్చమని నేను కోరడం లేదు. దానికి ఒక్కటి చేర్చమని కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. సినీ సంగీత దర్శకులు సాలూరి రాజేశ్వరరావు గారి పాటలను స్వరరచనకు పాఠాలుగా పెట్టండి. లలిత సంగీతానికి కోర్సులు నడుపుతున్న సంస్థలు మనకు ఉన్నాయి, వాటిలో పాటలు నేర్పుతారు, పిల్లలు చక్కగా పాడుతున్నారు. నా మనవి పాట పాడించడం గురించి కాదు. ఒక కవి రాసిన నాలుగు పంక్తులను ముందు పెట్టుకుని దానికి వరస ఎలా కట్టాలి, ఆ వరసను ఏ వాద్యం చేతిలో పెట్టాలి, పల్లవికీ చరణానికీ మధ్య ఏం వినిపించాలి అన్న విద్య గురించి. ఆ విద్యకు తెలుగులో సాలూరి వారికంటే మంచి పాఠ్యపుస్తకం నాకు కనబడలేదు.

నాకు ఈ ఆలోచన కలిగిన సందర్భం చెబుతాను. పదకొండేళ్ల అమ్మాయి ఒకతె నా దగ్గర తొలి పాఠపు పాటలైన గీతాలు నేర్చుకుంటోంది. శుద్ధసావేరిలో పురందరదాసు గారి ‘ఆనలేకర’ అప్పటికి వారం రోజులుగా సాధన చేస్తోంది. గాంధారం, నిషాదం లేని రాగం. స, రి, మ, ప, ధ అనే ఐదు స్వరాలే. పిల్లలకు త్వరగా పట్టుబడుతుంది, అంత త్వరగానే విసుగూ పుడుతుంది. ఆ రోజు ఆమె మొహంలో విసుగు చూసి, ఏమీ చెప్పకుండా వయొలిన్ తీసుకుని ‘మిస్సమ్మ’ చిత్రంలో సాలూరి వారు కట్టిన ‘బృందావనమది అందరిది’ పల్లవి వాయించాను. రెండో ఆవృతం పూర్తికాకముందే ఆ పిల్ల లేచి నిలబడి, “మాస్టారూ, ఇది మన గీతంలో స్వరాలే కదండీ!” అంది. అవునమ్మా అన్నాను. “మరి అది పాఠంలాగా ఉందీ, ఇది ఆటలాగా ఉందీ, ఎందుకండీ?” అని అడిగింది.

నేను ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మూడు రోజులు తీసుకున్నాను. తాళం వేరని చెబితే చాలదు. పాట కట్టినవాడు పంచమం మీద ఎక్కడ ఆగాడు, ధైవతాన్ని ఎక్కడ కేవలం తాకి వదిలేశాడు, మాట విరుపు ఎక్కడ వచ్చింది, ‘అందరివాడేలే’ అన్నప్పుడు ఆ ‘లే’లో ఉన్న చనువు ఏ స్వరం మీద పడింది, పల్లవి అయ్యాక వాద్యాలు ఎంతసేపు మాట్లాడి ఎప్పుడు నోరు మూసుకున్నాయి అని ఒక్కొక్కటీ విప్పి చూపించవలసి వచ్చింది. విప్పుతూ పోయేకొద్దీ నాకే ఆశ్చర్యం వేసింది. మన పిల్లలకు రాగం స్వరూపం తెలుసు, కృతి తెలుసు, కల్పనస్వరం తెలుసు. ఒక పాటను కట్టినవాడు ఏమేం నిర్ణయాలు చేశాడో అడిగే పాఠం మాత్రం మనం ఎక్కడా చెప్పడం లేదు.

ఆ పాటనే మరికాస్త చూడండి. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’కు తెలుగులోనూ, తమిళ ‘మిస్సియమ్మ’లోనూ సంగీతం ఆయనదే. తర్వాత హిందీలో ‘మిస్ మేరీ’ తీసినప్పుడు సంగీత దర్శకుడు హేమంత్ కుమార్ అయినా, ఈ బాణీ మాత్రం అట్లాగే ఉండిపోయి ‘వృందావన్ కా కృష్ణ కన్హయ్యా’ అయింది. ఉత్తరాదివాళ్లకు అది దుర్గ రాగం, మనకు శుద్ధసావేరి. రెండు వైపుల చెవులకూ సొంతదిగా వినబడేటట్టు ఒక వరసను కట్టడం తేలిక కాదు. అది ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఆయన బతికిన తీరు కాస్త చెప్పుకోవాలి.

రాజేశ్వరరావు గారు 1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టారు. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా. తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసుడు, పాటలు రాసేవారు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కచేరీలకు మృదంగం వాయించినవారు. అంటే ఆ పిల్లవాడికి మాట, లయ రెండూ ఇంట్లోనే దొరికాయి. తెలిసీ తెలియని వయసులో గ్రామఫోన్ రికార్డులకు పాడాడు. 1935లో ‘శ్రీకృష్ణ లీలలు’ చిత్రంలో కృష్ణుడు, ఆ మరుసటి ఏడు ‘శశిరేఖా పరిణయం’లో అభిమన్యుడు. కంఠం చూసి వేషం ఇచ్చే రోజులవి. పన్నెండు పదమూడేళ్ల కుర్రవాడు వేమూరి గగ్గయ్య గారి కంసుడి ఎదుట నిలిచి పాడాడంటే, ఆ గొంతులో ఎంత ధైర్యం ఉండి ఉండాలో వయొలిన్ చెప్పుకునే నాబోటివాడికి తెలుస్తుంది.

అక్కడి నుంచి కలకత్తా. అక్కడ గాయకులు సైగల్, పంకజ్ మల్లిక్ వంటి వారి సాన్నిహిత్యం, హిందుస్తానీ సంగీతం, బెంగాలీ పాటల్లో మాటను మీటే పద్ధతి ఆయన చెవిన పడ్డాయి. తిరిగివచ్చాక పదహారు పదిహేడేళ్ల వయసులో, 1939 నాటి ‘జయప్రద’తో సంగీత దర్శకుడయ్యారు. గూడవల్లి రామబ్రహ్మం గారి ‘ఇల్లాలు’ (1940)కు సంగీతం ఇవ్వడమే కాదు, రావు బాలసరస్వతి గారితో కలిసి నటించారు, పాడారు. బసవరాజు అప్పారావు గారి ‘కావ్యపానము జేసి కైపెక్కినానే’ ఆ చిత్రంలోదే. అంతవరకూ మన తెర మీద వినబడిన పాటల్లో ఎక్కువ భాగం నాటకాల రంగస్థలం నుంచి నడిచివచ్చినవే. గట్టిగా, దూరానికి వినబడేటట్టు, రాగం తీసి పాడటం వాటి మర్యాద. ‘ఇల్లాలు’ పాటలు విన్నప్పుడు అదే గొంతు మైకు దగ్గరికి వచ్చి నెమ్మదిగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. తెలుగు లలిత సంగీతానికి ఇల్లు కట్టినవాళ్లలో మొదటి వరుసలో ఆయన పేరు చెప్పుకోవడానికి ఇదొక కారణం.

మరో కారణం, సినిమాలతో సంబంధం లేకుండా ఆయన పాడి ఇచ్చిన రికార్డులు. ‘చల్లగాలిలో యమునాతటిపై’, ‘పాట పాడుమా కృష్ణా’, ‘గాలివానలో ఎటకే ఒంటిగ’, ‘ఓహో విభావరీ’, ‘తుమ్మెదా ఒకసారి’, బాలసరస్వతి గారితో ‘కోపమేల రాధా’. మా ఇంట్లో మా నాన్నగారి తరం నుంచీ ఉన్న రికార్డుల్లో రెండు వీటిలోవే. ఈ పాటల మీద మీ విద్యార్థులు ఒక నెల గడపాలని నా కోరిక. 78 ఆర్పీఎం పళ్లెంలో ఒక వైపు పట్టేది ఇంచుమించు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లోనే ఆరంభ సంగీతం, పల్లవి, చరణాలు, మధ్య వాద్యాలు, ముగింపు అన్నీ అమరాలి. ఏదీ కోసేసినట్టు ఉండకూడదు. ఆలాపనకు చోటు లేదు, ఒకే పంక్తిని రకరకాలుగా పెంచి పాడే నెరవుకు చోటు లేదు, తప్పు దిద్దుకోవడానికి అసలే లేదు. ‘చల్లగాలిలో’ వింటే తొందర ఎక్కడా కనబడదు. మన కచేరీ సంగీతం విస్తరించడం నేర్పుతుంది, అది గొప్ప విద్యే. కుదించడం కూడా విద్యేనని పిల్లలకు చెప్పడానికి ఈ రికార్డులు ఉన్నాయి.

ఆ తర్వాత ఆయన జెమినీ సంస్థలో చేరారు. ‘బాలనాగమ్మ’ (1942) వచ్చింది. 1948లో ఎస్.ఎస్. వాసన్ గారి ‘చంద్రలేఖ’ వచ్చింది. పెద్ద పెద్ద ఢంకాల మీద నర్తకులు ఆడే ఆ డ్రమ్ డాన్స్ గురించి దేశమంతా చెప్పుకుంది. తమిళంలోనూ హిందీలోనూ వచ్చిన ఆ చిత్రానికి పాటలు కట్టినప్పుడు రాజేశ్వరరావు గారికి పాతికేళ్లు. కర్ణాటక, హిందుస్తానీ బాణీలతోబాటు సర్కస్ పాటలూ పాశ్చాత్య నృత్య గతులూ ఒకే చిత్రంలో వినిపించాలి. ఎం.డి. పార్థసారథి గారు మొదలైనవారు నేపథ్య సంగీతంలో తోడున్నారు. పెద్ద వాద్యబృందంతో పని చేయించే విద్య ఆయనకు అబ్బింది అక్కడే. ‘చల్లగాలిలో’ పాడిన మనిషే ‘చంద్రలేఖ’ చేశాడని చెబితే నా విద్యార్థులు మొదట నమ్మరు.

ఇక ‘మల్లీశ్వరి’. దీని దగ్గర కాసేపు ఆగనివ్వండి.

1951లో బి.ఎన్. రెడ్డి గారు వాహినీ పతాకం కింద తీసిన ఆ చిత్రంలో పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారివి. సినిమాకు ఆయన రాయడం అదే మొదలు. ఘంటసాల, భానుమతి పాడారు. కథ రాయలవారి కాలంలో జరుగుతుంది. ఒక పల్లెలో మొదలై రాణివాసంలోకి వెళుతుంది. ఆ కథ వెంట సంగీతం ఎన్ని వాకిళ్లు తొక్కిందో చూడండి. ‘పరుగులు తీయాలి గిత్తలు’లో ఎడ్లబండి చక్రం లయగా తిరుగుతుంది. ‘నోమీన మల్లాల’ ఆడవాళ్లు కూడి పాడుకునే పాట మర్యాదలో ఉంటుంది. రాయలవారి కొలువుకు తగ్గట్టు ‘ఉషా పరిణయం’ యక్షగానం ఉంది. ‘పిలచిన బిగువటరా’లో జావళి ఒయ్యారం ఉంది. ‘ఆకాశవీధిలో హాయిగా ఎగిరేవు’ అని మబ్బుతో కబురంపే పాట వేరే లోకం. వీటన్నిటి నడుమ ‘మనసున మల్లెల మాలలూగెనే’.

ఈ చివరి పాటను నేను క్లాసులో చెప్పినప్పుడల్లా ఒక్క మాట దగ్గర ఆగిపోతాను. ‘ఊగెనే’. బజారులో దొరికే స్వరాల పుస్తకం చూసి నేర్చుకొచ్చిన పిల్లలు అక్కడ స్వరాలను మెట్లెక్కినట్టు ఒకదాని తర్వాత ఒకటి పాడేస్తారు. స్వరాలు తప్పు కావు, పాట మాత్రం చచ్చిపోతుంది. భానుమతి గారి గొంతులో ఆ మాట నిజంగా ఊగుతుంది. ఊయల చివరికి వెళ్లి అక్కడ రెప్పపాటు నిలబడి వెనక్కి వచ్చినట్టు ఉంటుంది. ఆ నిలబడటం అచ్చులో రాదు. ఒకసారి వయొలిన్ మీద ఆ జారుడు చూపించి, వేలు ఎక్కడ ఆపానో గమనించమంటే, ఒక కుర్రవాడు “ఆపలేదండీ, ఆపినట్టు చేశారు” అన్నాడు. సరిగ్గా పట్టుకున్నాడు. కవి ఒక్క మాటలో ఊయల కడితే, దాన్ని ఊపే పని స్వరకర్తది. ఎక్కడో ఆడదాని నిరీక్షణ, రాత్రి, గాలి, కొలను; వీటికి ఎంత తక్కువ వాద్యం సరిపోతుందో ఆ పాట నేర్పుతుంది. ఈ చిత్రానికి అద్దేపల్లి రామారావు గారి పేరు కూడా సంగీతంలో ఉంది. ఆయన పేరు పాఠంలో తప్పక చెప్పాలి. వరస కట్టినవారిని తలుచుకుని, దానికి వాద్యాలు కూర్చినవారిని మరచిపోయే అలవాటు మనకు ఉంది. చదువుకునే చోటనైనా అది పోవాలి.

‘మిస్సమ్మ’ దగ్గరికి మళ్లీ వస్తాను. పింగళి నాగేంద్రరావు గారి పాటలు, ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వం. ఆ ఒక్క చిత్రంలో త్యాగరాజస్వామి ‘రాగసుధారస’ ఉంది, ‘బాలనురా మదనా’ వంటి పాట ఉంది, వీధిలో అడుక్కునే పాట ఉంది, ‘రావోయి చందమామ’ ఉంది, ‘ఆడువారి మాటలకు అర్థాలే వేరులే’ ఉంది. ఏ పాట ఎవరి నోట వస్తోందో కళ్లు మూసుకున్నా తెలిసిపోతుంది. మీ సిలబస్‌లో లక్షణం అనే మాటకు పెద్దపీట ఉంది. రాగ లక్షణంతోబాటు పాత్ర లక్షణాన్ని స్వరంలో చూపించడం ఎట్లాగో చెప్పే ప్రశ్న ఒకటి పరీక్షలో ఎందుకు ఉండకూడదు? ‘చెంచులక్ష్మి’ (1958)లో ‘పాలకడలిపై శేషతల్పమున’ ఒక పక్కన, ‘చెట్టులెక్కగలవా’ ఒక పక్కన పెట్టి, ఒకే మనిషి ఈ రెండూ కట్టడానికి ఏమేం మార్చాడో రాయమంటే, నాలుగు పేజీల జవాబు వస్తుంది. ఇందులో బట్టీ పట్టడానికి ఏమీ ఉండదు.

‘విప్రనారాయణ’, ‘భలే రాముడు’, ‘అప్పుచేసి పప్పుకూడు’, ‘భార్యాభర్తలు’, ‘కులగోత్రాలు’ పేర్లు చెప్పి ముందుకు వెళతాను. వాటి గురించి మొదలుపెడితే ఈ ఉత్తరం పూర్తికాదు. ‘పూజాఫలం’ (1964) దగ్గర మాత్రం ఒక మాట. అందులో ‘పగలే వెన్నెలా’ పియానో పాట. ‘డాక్టర్ చక్రవర్తి’లో ‘నీవు లేక వీణ పలుకలేనన్నది’ వీణ పాట. రెండూ ఒకే ఏడాదివి. పియానోకు గమకం, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం, లేదు; నొక్కిన స్వరం నొక్కినచోటే ఉంటుంది. వీణకు తంత్రి లాగితే ఒక మెట్టు మీదే నాలుగు స్వరాలు పలుకుతాయి. ఏ వాద్యం బలం ఏమిటో, ఏది దానికి చేతకాదో తెలిసినవాడే ఆ రెండు పాటలూ కట్టగలడు. ఆ రోజుల్లో పియానో పాటలన్నా వీణ పాటలన్నా నిర్మాతలు ఆయన దగ్గరికే వెళ్లేవారని చెప్పుకోవడంలో వింత లేదు. ఆయన సితార్, హార్మోనియం వంటివి స్వయంగా వాయించగలిగినవారు. వాద్యం తన చేతికి తెలియనివాడు దానికి రాసి ఇచ్చే బిట్టు, అంటే పాట మధ్యలో వచ్చే వాద్యం ముక్క, ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఆర్కెస్ట్రాలో వాయించినవారిని ఎవరినైనా అడగండి.

కొన్నేళ్ల కిందట ఒక సభలో నేను ఈ సంగతులే మాట్లాడుతుంటే ఒక పెద్దమనిషి లేచి, “సినిమా పాటలో సగం అరువు సొత్తు, దాన్ని కళాశాలలో పెట్టమంటారా?” అన్నారు. ఆ రోజు సమాధానం తడుముకున్నాను. ఈ రోజు మీ ముందు చెబుతాను. ఆయన పాటల్లో ఇతరుల వరస తీసుకున్నవి ఉన్నాయి. ‘ఆరాధన’ (1962) చిత్రంలో శ్రీశ్రీ గారు రాసిన ‘నా హృదయంలో నిదురించే చెలి’ బాణీ బెంగాలీ ‘సాగరిక’ నుంచి వచ్చింది. ఆ చిత్రమే దానికి తెలుగు రూపం. దీన్ని దాచవలసిన అవసరం లేదు. ముత్తుస్వామి దీక్షితులవారు తెల్లవాళ్ల బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు చేశారు. ‘శక్తి సహిత గణపతిం’ మనందరం చిన్నపిల్లలకు మురిపెంగా నేర్పుతున్నాం. అది అరువు అని ఎవరూ ఈసడించరు, ఈసడించకూడదు కూడా. అరువు తెచ్చుకున్న వరస తెలుగు మాట మీద ఎట్లా కూర్చుంది, ఘంటసాల గారి నోట అది ఎట్లా మారింది, ఎక్కడ పొసగింది, ఎక్కడ పొసగలేదు అని రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి విద్యార్థులు వినాలి. తీసుకున్నదీ సొంతదీ విడదీసి చూడటం నేర్పితేనే రేపు సొంతంగా కట్టేవాళ్లు తయారవుతారు.

దీనికి మరో వైపూ ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’ తెర మీద సంగీతం ఘంటసాల గారి పేరున ఉంది. ‘శ్రీకరులు దేవతలు’, ‘లాహిరి లాహిరి’, ‘చూపులు కలసిన శుభవేళ’, ‘నీ కోసమె నే జీవించునది’ వరసలు మొదట రాజేశ్వరరావు గారు కట్టినవనీ, ఆయన ఆ చిత్రం నుంచి తప్పుకున్నాక ఘంటసాల గారు వాటికి వాద్యాలు కూర్చి, మిగిలిన పాటలన్నీ చేసి చిత్రాన్ని పూర్తిచేశారనీ సంగీతాభిమానులకు తెలుసు. ఇద్దరూ మహానుభావులే, ఇద్దరిలో ఎవరి కీర్తీ దీనివల్ల తగ్గదు. ఇటువంటి సంగతులు ఇప్పటికీ ముచ్చట్లలోనే బతుకుతుండటం మాత్రం నాకు బాధగా ఉంది. త్యాగరాజ కీర్తన ఒకదాని పాఠభేదం మీద మనం పరిశోధన పత్రాలు రాయిస్తాం. డెబ్బై ఏళ్ల కిందటి తెలుగు పాట వరస ఎవరిది, వాద్యం ఎవరిది అన్నది ఒక చోట రాసి పెట్టలేమా?

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మద్రాసులో సినిమా ఆర్కెస్ట్రాలో చాలాకాలం వయొలిన్ వాయించి, చివరి రోజుల్లో మా ప్రాంతానికి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన దగ్గరికి నేను వారానికొకసారి వెళ్లేవాణ్ని. ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన నోటు పుస్తకాలు పదకొండు ఉండేవి. రికార్డింగు హాల్లో కూర్చుని తెలుగు అక్షరాల్లో గబగబా రాసుకున్న స్వరాలు. పక్కన ‘2వ చరణం ముందు ఆగాలి’, ‘ఇక్కడ ఫ్లూటు ఒక్కటే’, ‘మెల్లగా, ఇంకా మెల్లగా’ అని పెన్సిలు రాతలు. ఒక పేజీలో ఒక బిట్టు మొత్తం కొట్టేసి కింద నాలుగే స్వరాలు రాసి ఉన్నాయి. “మేష్టారు విని, ఇంత వద్దు, ఇంతే చాలు అన్నారు” అని ఆయన వేలితో చూపించారు. ఆ కొట్టివేత నాకు ఏ లక్షణ గ్రంథమూ నేర్పని పాఠం నేర్పింది. వాటిని నకలు తీసుకుంటానని ఒక సంస్థకు రాసి కెమెరా, మనిషి సాయం అడిగాను. జవాబు రాలేదు. పండగ వెళ్లాక నేనే వెళ్లి రాసుకుందామనుకున్నాను. ఆ లోపల ఆయన పోయారు. కర్మకాండలు అయ్యాక ఇల్లు ఖాళీ చేస్తూ ఆ పుస్తకాలను పాత కాగితాలవాడికి వేసేశారు. తూకానికి. నేను వెళ్లేసరికి అటక మీద మిగిలింది విల్లుకు రాసే రోజనం డబ్బా ఒక్కటే. ఆ ఇంటివాళ్లను తప్పు పట్టను. వాటి విలువ చెప్పేవారు వాళ్ల గుమ్మం తొక్కలేదు. నేను పండగ దాకా ఆగకుండా ఉండవలసింది.

అందుకే మీ సిలబస్‌లో చోటు అడుగుతున్నాను. ఒక విషయం పాఠం అయితే దాని కోసం వెతికేవాళ్లు పుడతారు. ఎం.ఏ. విద్యార్థి ఒక్కడు ఒక్క పాట తీసుకుని, మొదటి రికార్డు విని, స్వరాలు గమకాలతో సహా రాసి, మధ్య వాద్యాలను కూడా విడివిడిగా రాసి, వాయించినవాళ్లలో బతికి ఉన్నవారి దగ్గరికి వెళ్లి సరిచూసుకుని సమర్పిస్తే, అదొక చక్కని ప్రాజెక్టు అవుతుంది. ఏడాదికి ఇరవై మంది చేస్తే అయిదేళ్లలో వంద పాటలు. ‘భక్త ప్రహ్లాద’ (1967)లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నారదుడై పాడిన ‘ఆది అనాదియు నీవే దేవా’ వంటివి మీ గాత్ర విభాగానికి అప్పగించండి, పియానో, మాండొలిన్ బిట్లు వాద్య విభాగానికి. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, కొత్త శాఖ అక్కర్లేదు. ఒక పేపరు చాలు. ఆ పేపరులో చివరి ప్రశ్న మాత్రం తప్పనిసరిగా ఒక కొత్త గేయం ఇచ్చి, దానికి పల్లవి, ఒక చరణం వరస కట్టి పాడమన్నదిగా ఉండాలని నా విన్నపం. తప్పులు వస్తాయి, రానివ్వండి. గీతం నేర్చుకునేటప్పుడు తప్పు పాడని పిల్లవాడు ఎవడు?

సినిమా పాటను శాస్త్రీయ సంగీతం పక్కన కూర్చోబెడుతున్నానని మీలో కొందరికి అనిపించవచ్చు. సాధన లేకుండా సాలూరి వారి పాట పలకదు. పై స్థాయిలో నిలిచి కిందికి మెత్తగా దిగే ఆ సంగతులు వర్ణాలు వాయించిన చేతికే వస్తాయి. ఈ పాటలు నేర్పాక నా విద్యార్థులు కృతులను మరింత శ్రద్ధగా విన్నారని నేను కళ్లారా చూశాను. ఆ పదకొండేళ్ల పిల్ల ‘ఆనలేకర’ను ఆ తర్వాత విసుక్కోలేదు, ఒకనాడు ఆ స్వరాలతోనే తన ఎక్కాల పుస్తకంలో పద్యానికి ఏదో వరస కట్టుకొచ్చింది. రెండో పాదంలో రాగం దాటి గాంధారం పడింది. దిద్దబోయి ఆగిపోయాను. ఆ గాంధారం అక్కడ బాగుంది.

విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల పెద్దలకు విడిగా ఒక మాట విన్నవిస్తున్నాను. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా, ద్వారం వారు వయొలిన్ ఆచార్యులుగా, ఆపై అధ్యక్షులుగా నడిపిన కళాశాల మీది. రాజేశ్వరరావు గారి తండ్రి ఆ ద్వారం వారికి మృదంగం వాయించారు. ఆయన పుట్టిన ఊరు మీకు కూతవేటు దూరం కాకపోయినా ఒక పూట ప్రయాణం. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణతో గౌరవించింది. రాష్ట్ర ప్రభుత్వం 1992లో రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చింది. 1930ల నుంచి 1986 నాటి ‘తాండ్ర పాపారాయుడు’ దాకా పాటలు కట్టి, 1999 అక్టోబరులో కన్నుమూశారు. తమ్ముడు హనుమంతరావు గారు, కొడుకుల్లో కోటి గారు, వాసూరావు గారు అదే వృత్తిలో నిలబడ్డారు. సత్కారాల లోటు లేదు. ఆయన పేరున పాఠం మొదలుపెట్టే గౌరవం ముందుగా మీ కళాశాలకే దక్కాలని నా ఆశ.

నా వంతుగా నా దగ్గర ఉన్నది ఇస్తాను. నలభై ఒక్క పాటలకు మొదటి రికార్డులు విని నేను రాసుకున్న స్వరాలు ఆరు నోటు పుస్తకాల్లో ఉన్నాయి. పన్నెండింటికి మధ్య వాద్యాలు కూడా రాశాను. అందులో తప్పులుంటాయి, దిద్దేవాళ్లు కావాలి. ఏ కళాశాల పిలిచినా, పారితోషికం, దారి ఖర్చులు ఏవీ అడగకుండా, వయొలిన్ పట్టుకుని వస్తాను. పొద్దున పది గంటలకు మొదలుపెడితే సాయంత్రానికి ‘మనసున మల్లెల’ పల్లవి, మొదటి చరణం అవుతాయి. రెండో చరణానికి మర్నాడు మళ్లీ రావలసి ఉంటుంది.

ఇట్లు
భవదీయుడు,
విజయనగరం నుంచి ఒక వయొలిన్ ఉపాధ్యాయుడు